అమ్మ అడగని ప్రశ్న

"ఒదినా, చీరెల డిజైన్లు పంపుమంటే గివేం పంపినవ్? చదివినవా అసలు?"

గడప దాటుతూనే వసంతలక్ష్మి ఫోన్ ముందుకు చాపింది. పోచంపల్లిలోనే పక్క వీధిలో ఉండే ఆడపడుచు ఆమె. ఈ ఇంట్లో నేసిన చీరలు షావుకార్లకు చూపించేది ఆమే. ఆండాళు చేతిలోని హారతి పళ్లెం మార్కండేయస్వామి పటం ముందు అలాగే ఆగిపోయింది. కొడుకు మహేశ్ ఫోన్ పగిలినప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్. పొద్దున ఎప్పటిలాగే కొత్త ఫోటోలన్నిటినీ నొక్కి, చూడకుండానే ఆడపడుచుకు పంపేసింది ఆండాళు. చీరల మధ్య అక్షరాల ఫోటోలు కూడా కలిసిపోయాయని ఆమెకేం తెలుసు!

ఇప్పుడు చదివింది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ప్రశ్నలవి. తాము మగా, ఆడా అని లోలోపల సందేహపడేవాళ్లు తమను తాము తెలుసుకోవడానికట! వాటి కింద మహేశ్ రాసుకుని, ఫోటోలుగా దాచుకున్న జవాబులు.

'ఏ పని చేస్తున్నప్పుడు మీరు మీరుగా ఉన్నట్టు అనిపిస్తుంది?'

'అమ్మ దగ్గర ఆసు పోస్తున్నప్పుడు. అప్పుడు నేను ఈ ఇంటి ఆడపిల్లను.'

'ఈ మాట ఎవరికైనా చెప్పారా?'

'లేదు. మీకే.'

ఆ 'మీకే' దగ్గర ఆండాళు చూపు ముందుకు కదలలేదు... ఆసు ఆడవాళ్ల పని. మేకుల చట్రం మీద నూలును అటూ ఇటూ తిప్పీ తిప్పీ భుజం పడిపోతుంది. చిన్నప్పటి నుంచీ 'జరుగమ్మా, నేను పోస్త' అంటూ వచ్చే కొడుకును చూసి ఎంత పొంగిపోయింది! నా రెక్క నొప్పి చూడలేడమ్మా అని వాడకట్టంతా చెప్పుకుంది! ఆ ప్రేమ కూడా తన మీద కాదా? అంతా తాను ఊహించుకున్నదేనా...?

"మొన్న పిల్లను చూద్దామంటే 'అత్తా, నా పెండ్లి ఊసెత్తకు' అన్నడు. గిందుకేనా!" వసంతలక్ష్మి బుగ్గలు నొక్కుకుంది.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. నేస్తున్న ఆండాళు భర్త సీతారాములు లేవలేదు, ఏమైందని అడగనూ లేదు. అంతా విన్నాడు.

పెరట్లో రంగు నూలు ఆరేసి వచ్చిన మహేశ్, అత్త చేతిలోని ఫోన్‌లో తన జవాబులు చూశాడు.

"అమ్మా... నువ్వే పంపినవా?"

"నేను తెల్వక పంపిన! నువ్వు తెలిసే దాచినవ్ గదరా! నిన్ను మోసింది నేను! నీకు జ్వరమొస్తే గుట్ట మెట్లెక్కి మొక్కింది నేను! నన్ను ఇడిసిపెట్టి ఊరూపేరూ లేనోళ్లకు చెప్పుకుంటవా? నువ్వెవరో ఫోన్‌ను అడుగుతవా?"

"నేనడగలేదమ్మా. అదే నన్నడిగింది. గీ ఇంట్ల 'తిన్నవా', 'నూలు కండెలు చుట్టినవా' తప్ప నన్నెవరన్న ఏమన్న అడిగిన్రా?"

"అడిగితే చెప్తుంటివా?"

"ఏడుస్తవని భయమైంది."

"ఇప్పుడు నవ్వుతున్ననా!"

"ఇంకా మాటలెందుకొదినా? పట్నంల దవాఖానల చూపియ్యాలె. నలుగురికీ తెలిస్తే..."

"వసంతా!" లోపలి నుంచి సీతారాములు గొంతు. "కొత్త డిజైన్ బయటికి పోకుండ కాపాడుతవు గద, దీన్ని గూడ గట్లనే కాపాడు. గా ఫోటోలు తుడిచేసి ఇంటికి పో."

ఆమె వెళ్లిపోయింది. మగ్గం మాత్రం మళ్లీ మోగలేదు. మహేశ్ సంచిలో బట్టలు కుక్కుకున్నాడు.

"నేను హైదరాబాద్ పోతనమ్మా."

ఆండాళు స్వామి పటం వైపు చూసింది. 'తండ్రీ! నూలుకు ఎక్కడ రంగు ఎక్కాలో, ఎక్కడ ఎక్కకూడదో చూసి, రంగులో ముంచే ముందు కట్టు కట్టేది మేము. మనిషిని కట్టేది నువ్వు గదా... నీ కట్టు తప్పిందనుకోనా? నా చూపే తప్పిందనుకోనా?' దీపం నిశ్చలంగా వెలుగుతోంది.

లేచి వెళ్లి ఆసు ముందు కూర్చుంది. నూలు అందుకుని చెయ్యి చాచగానే భుజం కలుక్కుమంది. "అమ్మా" అన్నది పైకే వినిపించింది. గడప దాటబోతున్న మహేశ్ సంచి వదిలేసి వచ్చాడు.

"జరుగమ్మా."

ఆమె జరగలేదు. "నా నొప్పి చూసైతే వద్దు. నీకిష్టమైతేనే కూసో."

మహేశ్ పక్కనే కూర్చుని నూలు అందుకోగానే ఆమె జరిగింది. నూలు అటూ ఇటూ కదలసాగింది. ఆండాళు కళ్లు ఆరలేదు, గుండెలో ముల్లు అలాగే ఉంది... కాసేపటికి లోపల మగ్గం కూడా అందుకుంది.

"గా ఫోన్ ముందుగాల ఏమడిగింది?"

"'మిమ్మల్ని ఏమని పిలవాలి' అని..."

"మరి... ఏమని పిలవాలె?"

నూలు ఆగింది. "ఇంకా నాకే తెల్వదమ్మా. ఆ జవాబు రాయకుండ ఇడిసిపెట్టిన."

ఆండాళు కొంగుతో ముందు ఆ చెంపలు తుడిచి, తర్వాత తనవి తుడుచుకుంది.

"రాయకు. తెలిసిన నాడు నాకు చెప్పు. ఈసారన్న... నాకే ముందుగాల!"