కింది వరస కళ్లు

యాభై నాలుగో సంవత్సరం, నవంబరు వాన. చింతాద్రిపేటలో కూవం యేటి ఒడ్డునున్న కాలేజీలో మధ్యాహ్నం మూడింటికే లైటు వెయ్యాల్సి వచ్చింది. రాజలక్ష్మి బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. పురుగుల బొమ్మలు గీయడం ఆమె ఉద్యోగం. మైక్రోస్కోపుకు బిగించిన చిన్న అద్దం వల్ల పురుగూ, పక్కనున్న కాగితమూ, గీసే చెయ్యీ కంటికి ఒకేచోట కనబడతాయి. పురుగు అంచుల వెంబడి పెన్సిలు నడిపితే చాలు.

ఇవాళ గాజుగిన్నెలో, స్పిరిటులో మునిగి ఉన్నది తోడేలు సాలీడు. ఆమె భర్త కృష్ణస్వామి తిరువొత్తియూరు సముద్రపొడ్డు ఇసకలో పట్టింది. ఎనిమిది కళ్లలో కింది వరసలోని నాలుగూ వంపుగా ఉన్నాయి గనక ఇది పాత ప్రజాతుల్లో, అంటే జాతుల గుంపుల్లో, దేనిలోనూ చేరదని వాదించి, కొత్త ప్రజాతి కట్టి, దానికో పేరు పెట్టి, నిరుడు జ్వరంతో పోయాడు మహానుభావుడు. మిగిల్చింది ఆ పేరొక్కటే. తన వర్గీకరణ తప్పని అతను అచ్చులో అన్నందుకు ప్రొఫెసర్ ధర్మలింగానికి ఇంకా కడుపుమంట.

"వరస తిన్నగా గీయమ్మా," అన్నాడు ధర్మలింగం, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి. "దీన్ని పాతదాన్లోనే కలిపేస్తా ఉండాను. ఆ పేరు కొట్టేస్తాం."

"వంపుండాది గదా సార్..."

"నీకు ఉద్యోగం కావల్నా, వద్దా?"

ఆమెకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోతే రాయపురంలో ఆడబిడ్డ పంచన పడుండాలి. పళ్లు బిగబట్టి గీసింది. నాలుగు కళ్లు, తిన్నగా. చచ్చినవాణ్ణి తానే మళ్లీ చంపినట్టనిపించింది.

పెన్సిలు కింద పెట్టేసింది.

కాగితం మీద గరగరమనే చప్పుడు... ఆగలేదు.

స్పిరిటు వాసన పోయి, గదిలో ఉప్పు వాసన నిండింది. ఆమె చేతులు రెండూ ఒళ్లోకి లాక్కుంది.

"ఏదీ, నన్ను చూడనీ," అని ధర్మలింగం వంగి, మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"చెయ్యి తియ్యమ్మా. కళ్లకు అడ్డంగా ఉండాది."

రాజలక్ష్మి రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి, భర్త పోయిననాడు పచ్చగాజులు పగలగొట్టినప్పటి నుంచీ బోసిగా. కాగితం మీద ఏ చెయ్యీ లేదు. భయంకంటే ముందు ఏడుపొచ్చింది. పదేళ్లు కాపురం చేసిన తనకు కలలోనైనా కనబడలేదే ఆయన! సాలీడు కోసం వచ్చాడు.

ధర్మలింగం కన్ను తీయలేదు. విసుక్కున్నాడు.

"తియ్యమంటే రెండోది గూడా పెడతావేందమ్మా..."

గొంతు మారింది.

"పచ్చగాజులు... ఎప్పుడు వేసుకున్నావు?"