ఎనిమిది మంది పట్టే లిఫ్టు

మా టీచరమ్మ మొట్టమొదటిసారి నాతో మాట్లాడింది లిఫ్టు తలుపు అవతలి నుంచి. అదీ తిట్టడానికి.

ఆమె పనిచేసే స్కూల్లో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఫోన్ వచ్చిన నలభై నిమిషాలకి టూల్‌బ్యాగు భుజాన వేసుకుని చేరుకున్నాను.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను.

"లేరండీ. లిఫ్టే ఒంటరిగా కూర్చుని విసుక్కుంటోంది" అంది లోపలి గొంతు.

"భయపడకండి మేడమ్."

"భయం మొదటి పది నిమిషాల్లోనే అయిపోయింది. ఇప్పుడున్నది కోపం."

తలుపులు తెరిచేసరికి అల్లికల టీచరు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పచ్చ ఊలు, చేతుల్లో రెండు సూదులు. అల్లుతున్నదాన్ని ఎత్తి చూపించింది. "పదకొండు వరసలు. మీరు ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే మా తమ్ముడి స్వెటర్‌కి రెండో చెయ్యి కూడా పూర్తయ్యేది. థాంక్సండీ మెకానిక్ గారూ."

ఆ తర్వాత ఆ స్కూలు లిఫ్టుకి నెలకి రెండుసార్లు సర్వీసింగ్ అవసరమైంది. అందులో పాపం లిఫ్టు తప్పేమీ లేదు. ఏడాది తిరిగేలోపు మా పెళ్ళయింది.

పెళ్ళయిన రెండు నెలలకి నాకు ఈ దేశంలో పని దొరికింది. మూడేళ్ళ కాంట్రాక్టు. నేను ముందు వెళ్ళడం, ఆమె కాగితాలు వచ్చాక రావడం అనుకున్నాం. నా చొక్కాలు మడతపెడుతూ ఆమె ఒక్కటే మాట అడిగింది.

"అక్కడి జనం మనల్ని ఎలా చూస్తారో నాకు ఉన్నదున్నట్టు చెప్పు. ఇక్కడే నా రంగు చూసి రెండు సంబంధాలు వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ ఇంకో దేశానికి నా ముఖం చూపించి 'పనికొస్తానా' అని అడిగే ఓపిక నాకు లేదు."

"బాగా చూస్తే?"

"ఉద్యోగం మానేసి వచ్చేస్తాను. లేదంటే మూడేళ్ళూ ఎక్కడివాళ్ళం అక్కడే ఉందాం, ఫోన్లు చేసుకుంటూ."

"సరే టీచరమ్మా, ఉన్నదున్నట్టే" అన్నాను. నిజంగానే అలా చెప్పాలనే అనుకున్నాను.

ఇక్కడ నాకు ఐదో అంతస్తులో ఒక గది ఇచ్చారు. మొదటి రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరి లిఫ్టెక్కాను. నాలుగో అంతస్తులో ఆగింది. బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. వాళ్ళ భాషలో బట్టీపట్టిన గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆవిడ నా ముఖం చూసింది, చేతులు చూసింది. "నేను తర్వాత వస్తాను" అని ఒక అడుగు వెనక్కి వేసింది.

మూడో అంతస్తులో ఒకామె తన కవల ఆడపిల్లల్ని దగ్గరికి లాక్కుని "మీరు వెళ్ళండి" అంది. రెండో అంతస్తులో వయొలిన్ పెట్టె పట్టుకున్న ఆయన ఆ మాత్రం మాట కూడా ఖర్చుపెట్టలేదు. నన్ను చూసి మెట్ల వైపు తిరిగాడు.

లిఫ్టులో రేకు పలక మీద 'ఎనిమిది మంది' అని రాసి ఉంది. నా ఒక్కడితోనే నిండిపోయింది. ఏ లిఫ్టు ఎంత బరువు మోస్తుందో చెప్పడమే నా పని కాబట్టి, ఇది బరువు గొడవ కాదని నాకు బాగానే అర్థమైంది.

వారం రోజులు ఓపిక పట్టాను. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పాను. ఎనిమిదో రోజు నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, సాయంత్రం ఐదు అంతస్తులూ కాళ్ళీడ్చుకుంటూ ఎక్కేవాణ్ణి. నవ్వొస్తోంది కదా. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఆ ఆదివారం ఫోన్లో టీచరమ్మ అడిగింది. "ఎలా ఉన్నారు జనం?"

నోటిదాకా వచ్చింది నిజం. వెనకాలే ఆమె రాదన్న భయమూ వచ్చింది. అన్నాను, "నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ ఉందిలే. రోజూ లిఫ్టులో కనిపిస్తుంది. తిన్నావా బాబూ అని అడుగుతుంది."

"నిజంగానా?" అంది. ఆ ఒక్క మాటలో ఆమె ఊపిరి ఎంత తేలిగ్గా వదిలిందో నాకు వినిపించింది. ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు.

పెద్దావిడకి చలికి పాదాలు తిమ్మిరెక్కుతాయని చెప్పాను. వయొలిన్ ఆయన నన్ను ఇంట్లోకి పిలిచి పాట వినిపించాడనీ, ఆయన వేళ్ళు చలికి బిగుసుకుపోతాయనీ చెప్పాను. కవల పిల్లలు నా టూల్‌బ్యాగు మోస్తామని పోట్లాడుకుంటారని చెప్పాను. పాపం, వాళ్ళెవరికీ తెలియకుండా వాళ్ళందరినీ దేవుళ్ళని చేసి కూర్చోబెట్టాను. ఒక్కోసారి ఫోన్ పెట్టేశాక నాకే నిజమనిపించేది. కింద రెండో అంతస్తు నుంచి వయొలిన్ వినిపిస్తే, నాకోసమే వాయిస్తున్నాడని కాసేపు అనుకునేవాణ్ణి.

"మరి నీకు చలి లేదా?" అని అడిగేది.

"ఛ, ఇంతమంది ఉండగా నాకు చలేమిటి" అనేవాణ్ణి, దుప్పటి కింద రెండు చొక్కాలు వేసుకుని పడుకుని.

పద్నాలుగు నెలలకి కాగితాలు వచ్చాయి. స్కూల్లో నెల రోజులు సెలవు పెట్టింది. నచ్చితే ఇక్కణ్ణుంచే రాజీనామా పంపుతానంది. తిరుగు టికెట్ మాత్రం చేతిలో ఉంచుకుంది.

వచ్చీ రాగానే పెట్టె తెరిచి మంచం మీద నాలుగు పొట్లాలు పరిచింది. "ఇవి పెద్దావిడకి సాక్సులు. నీలం రంగు. ఇవి వయొలిన్ ఆయనకి గ్లౌజులు, వాయించుకోవడానికి వేళ్ళు వదిలేశాను చూడు. పిల్లలకి టోపీలు, ఇద్దరికీ వేరే వేరే రంగులు, లేకపోతే మళ్ళీ పోట్లాడుకుంటారు. పిల్లల తల్లికి మఫ్లరు. ఏడాది పట్టింది నాకు. పద, ఇచ్చొద్దాం."

"ఇవాళ వద్దులే. పెద్దావిడ ఊరెళ్ళింది."

మర్నాడు కవల పిల్లలు ఊరెళ్ళారు. ఆ మర్నాడు వయొలిన్ ఆయన కూడా వెళ్ళాడు.

"బిల్డింగ్ మొత్తం ఊరెళ్ళిందా?" అంది టీచరమ్మ. "మరి కింద ఆ వయొలిన్ వాయిస్తున్నది ఎవరు, దెయ్యమా?"

"వాళ్ళ... తమ్ముడు."

"సరే. మరి లిఫ్టు మెకానిక్ గారు లిఫ్టెందుకు ఎక్కట్లేదు?"

"వ్యాయామం."

నా పొట్ట వైపు ఒక చూపు చూసి నవ్వింది. ఆ నవ్వుని ఇంకో నాలుగు రోజులు ఎలాగోలా కాపాడుకుంటే చాలనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఏం చేస్తానో నాకూ తెలీదు.

అంత అవసరం రాలేదు. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి లైటు వేయకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నాలుగు పొట్లాలూ ఒళ్ళోనే ఉన్నాయి. బయట వాన పడుతోంది.

"వచ్చారా" అంది.

కోపమొస్తే ఆమెకి నేను 'మీరు' అయిపోతాను.

"పెద్దావిడ ఊళ్ళోనే ఉంది. గొలుసు తీయకుండా తలుపు తెరిచింది. ఐదో అంతస్తు మెకానిక్ భార్యనని ఇంగ్లీషులో చెప్పాను. ఏ మెకానిక్ అని అడిగింది."

నేను చెప్పులు విప్పుకుంటూ అలాగే వంగి ఉండిపోయాను.

"సాక్సులు చూపిస్తే, 'నేనేమీ కొనను' అని తలుపు వేసేసింది. వయొలిన్ ఆయన బెల్లు కొట్టగానే వాయించడం ఆపేశాడు, తలుపు తీయలేదు. కవల పిల్లలు ఎక్కిన లిఫ్టులోనే నేనూ ఎక్కాను. వాళ్ళమ్మ వాళ్ళని తీసుకుని దిగిపోయింది. అది వాళ్ళ అంతస్తు కూడా కాదు. చిన్నది నా వైపు చూసి చెయ్యి ఊపబోయింది. వాళ్ళమ్మ ఆ చెయ్యి కిందికి దించింది." "నాకు వాళ్ళు చేసింది కొత్త కాదు. చేతిలో టోపీలు పట్టుకుని నిలబడ్డాను చూడండి, అది తల కొట్టేసినట్టయింది."

"నువ్వు రావని..."

"నేను రానని అబద్ధాలు చెప్పారు. అసలు నేనెందుకు రావాలి?"

"నేను బతకలేకపోయాను" అన్నాను. అంత పచ్చిగా అంటానని నేనే అనుకోలేదు. "పద్నాలుగు నెలలు ఈ బిల్డింగులో ఎవరూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీకు చెప్పే కథల్లోనే నాతో మాట్లాడేవాళ్ళు. అవి కూడా లేకపోతే పిచ్చెక్కేది."

ఆమె లేచి వచ్చి నా చొక్కా కాలరు పట్టుకుని చూసింది. లోపల ఇంకో చొక్కా ఉంది. దాని లోపల ఇంకోటి ఉంది.

"చలి లేదన్నావు" అంది. 'మీరు' పోయింది, దాని చోట ఏడుపొచ్చింది. "ఏడాదిపాటు ఎవరెవరికోసమో అల్లాను. నీకు చలి లేదన్నావని నీకు ఒక్కటీ అల్లలేదు. ఎంత పని చేశావు."

ఇద్దరం ఆ చీకట్లోనే నిలబడి ఏడ్చాం. ఓదార్చుకోవడానికి మా ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

మర్నాడు నాలుగు పొట్లాలూ విప్పేసింది. సాక్సులు, టోపీలు, గ్లౌజులు, మఫ్లరు, అన్నీ మళ్ళీ ఊలు ఉండలయ్యాయి. నా చొక్కాలన్నీ విప్పించి, జానతో ఛాతీ కొలిచి "సగమైపోయావు" అని సూదులు తీసింది. నేను టికెట్ గురించి అడగలేదు. ఆమె చెప్పలేదు. రోజూ కొంత స్వెటర్ పెరిగేది, రోజూ ఒక రోజు తగ్గేది. బయటికి వెళ్ళినప్పుడు ఇద్దరం మెట్ల మీదనే దిగేవాళ్ళం.

బయల్దేరే రోజు టాక్సీ కింద హారన్ కొడుతుంటే ఆఖరి ముడి వేసి నాకు తొడిగింది. ఛాతీ ఒక రంగు, వీపు ఒక రంగు, కుడి చెయ్యి కవల పిల్లల టోపీల రంగులు, ఎడమ చెయ్యి పెద్దావిడ సాక్సుల నీలం. అంత అందవికారమైన స్వెటర్ ఈ దేశంలో ఇంకొకటి ఉండదు.

"ఉండిపోమని నేను అడగలేను" అన్నాను.

"అడగకు. ఇక్కడ ఉంటే ఆ మెట్ల మీద నీతోపాటు నేను కూడా అరిగిపోతాను." చేతుల అంచులు సర్దింది. "రోజూ ఫోన్లో నిజం చెప్తావా?"

"నిజం చెప్తే నువ్వు తిరిగి రావు."

"చెప్పకపోతే అసలు రాను."

టాక్సీ వెళ్ళిపోయింది. మళ్ళీ ఐదు అంతస్తులు ఎక్కాను.

అప్పటి నుంచి రోజూ నిజమే చెప్పాను. ఇవాళ ఒక ఆఫీసులో లిఫ్టు బాగుచేశాను, నేను దిగాక కానీ ఎవరూ ఎక్కలేదు. ఇవాళ బస్సులో నా పక్క సీటు ఆఖరిదాకా ఖాళీ. ఇవాళ ఏమీ జరగలేదు, అదే కాస్త నయం. ఆమె వినేది. మధ్యలో అడ్డం వచ్చేది కాదు. చివర్లో "ఇంకా?" అనేది. అంతే, అనేవాణ్ణి. నెలల తరబడి ఇలా సాగింది. ఆమె గొంతులో రానన్న మాట రోజురోజుకీ గట్టిపడటం వింటూ కూడా నేను చెబుతూనే ఉన్నాను.

మొన్న మోకాలు వాచింది. మెట్లెక్కలేక లిఫ్టెక్కాను. తలుపులు మూసుకోబోతుంటే బూడిదరంగు కోటు లోపలికొచ్చింది. నన్ను చూసి ఆగింది. బయట పెద్ద వాన, ఆవిడ చేతుల్లో రెండు సంచులు. వెనక్కి వెళ్ళలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆ రోజు ఫోన్లో ఇదంతా చెప్పాను. "రెండో అంతస్తు దాటాక నా స్వెటర్ చూసింది. ఎవరు అల్లారని అడిగింది. మా ఆవిడ అన్నాను. దగ్గరికొచ్చి, వేలు పెట్టి చూపించి, ఇక్కడ ఒక కుట్టు జారింది అంది. అంతే. నాలుగో అంతస్తులో దిగిపోయింది."

అటు నుంచి మాట లేదు. పద్నాలుగు నెలలు కోసిన కోతలన్నీ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. చెప్పక చెప్పక ఒక మంచి మాట నిజంగా చెప్తే, దాన్ని నమ్మడానికి ఆమెకి నేనేం మిగిల్చాను?

"ఒట్టు" అన్నాను. "టీచరమ్మా, నిజంగా ఒట్టు."

"ఎక్కడ జారిందంది?"

"ఏమిటి?"

"కుట్టు. ఎక్కడ వేలు పెట్టింది?"

స్వెటర్ విప్పి దీపం కింద పెట్టి వెతికాను. నేనింతకు ముందు ఎప్పుడూ చూడలేదు. "ఎడమ చెయ్యి. మోచెయ్యి కింద, లోపలి వైపు."



"టాక్సీ హారన్ కొడుతుంటే జారింది" అంది. "చూసి కూడా వదిలేశాను. నాకు తప్ప ఎవరికీ తెలీదు అది. నీకు కూడా చెప్పలేదు." ముక్కు ఎగబీల్చింది. "అంత దగ్గరికొచ్చి చూసిందా నిన్ను?"

"చూసింది."

"ఆవిడ మళ్ళీ కనిపిస్తే ఒక మాట చెప్పు."

"ఏమని?"

"ఆ కుట్టు సరిచేయడానికి వస్తున్నానని."