ప్లగ్గు పీకినా మోగిన గంట

ఆ గేముల హాల్లో చివరి మూలకి ఒంటరిగా ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదట. పగలు ఫరవాలేదు. ఆడేవాళ్ళ గోల, మిషన్ల మోత, ఎవరి గొడవ వాళ్ళది. చీకటిపడి, తలుపులు మూసి, లైట్లు ఆర్పాక మాత్రం... ఆ మూలనున్న పాత పిన్‌బాల్ మిషన్ తనంతట తానే గంట కొట్టేదట.

టింగ్... కాసేపు ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకునేలోపు — టింగ్. టింగ్.

ఊడ్చే ఆవిడ ఒకరోజు చీపురు అక్కడే పడేసి వెళ్ళి, మళ్ళీ జీతానికి కూడా రాలేదు. కాపలా ఆయన, "దొంగలొస్తే చూసుకుంటాను గానీ, కనబడనివాళ్ళతో నాకు పేచీ వద్దు" అని మానేశాడు. హాలు పాత యజమానికి ఆ మిషనంటే ప్రాణమనీ, ఆఖరి ఆట మధ్యలోనే పోయాడనీ, మిగిలిన ఆట ఇప్పుడు ఆడుకుంటున్నాడనీ వీధంతా చెప్పుకునేవారు.

ఇదంతా మా మేనత్త చెబితే విన్నదే. పాత మిషన్లు బాగుచెయ్యడం ఆవిడ పని. వాటిలో చిప్పులూ గిప్పులూ ఉండవు. బంతి వెళ్ళి మీటని కొడితే రెండు రాగి రేకులు కలుస్తాయి, కరెంటు పారుతుంది, కాయిల్ ఒక కడ్డీని లాగుతుంది, గంట మోగుతుంది. అంతే. కాకపోతే లోపల అలాంటివి వందలుంటాయి. వాటిని కలిపే తీగలు చూస్తే పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా ఉంటాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో చూపించే డయాగ్రమ్ ఎప్పుడో పోయింది. తయారుచేసిన కంపెనీ కూడా పోయింది. అత్త ఒక్కో తీగనీ వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, చచ్చిపోయిన ఆటని మళ్ళీ లేపి నిలబెట్టింది. ఈ గంట సంగతే అంతుపట్టలేదు.

"నీ కష్టం నాకు తెలుసమ్మా" అన్నాడు ఇప్పటి హాలాయన. "కానీ జనం ఆ వైపే రావడం మానేశారు. రేపు పాతసామాన్లవాడొచ్చి దాన్ని ముక్కలు చేసి పట్టుకుపోతాడు."

అత్తకి ప్రాణం ఉసూరుమంది. "ఈ ఒక్క రాత్రి నాకు వదిలెయ్యండి అన్నయ్యగారూ."

"తాళం ఇస్తాను. నేను మాత్రం ఉండను."

ఆవిడకి తోడు మావయ్య వెళ్ళాడు. మావయ్య ధైర్యం గురించి చెప్పాలంటే — ఇంట్లో గోడమీంచి బల్లి కిందపడితే ముందు మంచమెక్కేది ఆయనే.

తలుపు మూశారు. లైట్లు తీశారు. మిషన్ మీది చెక్క ఎత్తిపెట్టి, అత్త టార్చితో లోపలికి వంగింది.

"ఏమండీ, ప్లగ్గు పీకేశారా?"

"పీకేశాను. చేత్తో పట్టుకునే ఉన్నాను."

కూర్చున్నారు... ఎక్కడో ఫ్యాను రెక్క కిర్రుమంది. వీధిలో ఎవరిదో సైకిల్ వెళ్ళిపోయింది. మళ్ళీ నిశ్శబ్దం...

టింగ్.

"ఏమే..." మావయ్య గొంతు పీలగా వచ్చింది. "ప్లగ్గు... నా చేతిలోనే ఉందే."

టింగ్. టింగ్.

 అత్త టెస్టు బల్బు తీసి, దాని రెండు కొసలూ గంట కాయిల్‌కి తగిలించి పట్టుకుంది. ఈసారి గంట మోగడమూ — బల్బు మినుక్కుమనడమూ ఒకటే అయింది.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "దెయ్యానికి కరెంటెందుకండీ?" అంది గుసగుసగా.

"వాళ్ళ అవసరాలు మనకేం తెలుసే!"

తీగలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. రంగు వెలిసిన గుడ్డ తొడుగు, మైనం దారంతో నీటుగా కట్టిన కట్టలు. అత్త ఆ కాయిల్ నుంచి వెనక్కి తడుముకుంటూ వచ్చింది. కట్టల వెనకాల, ఒక జత మాత్రం వేరే చెయ్యి కట్టినట్టుంది... మొరటు ముడులు, నల్లటి టేపు. ఆ జత మిషన్ దిగి, ఇనప కాలి లోపలి మూలనంటుకుని, నేలమీది రబ్బరు పట్టా కిందకి దూరింది. అత్త మోకాళ్ళమీద పాక్కుంటూ పట్టా ఎత్తుకుంటూ పోయింది. తీగ గోడదాకా వెళ్ళి... గోడలో చిన్న చిల్లులోకి మాయమైంది.

ఆవిడ చిల్లుకి చెవి ఆనించింది.

అవతల్నించి — సన్నగా, బొంగురుగా, ఊపిరే మాటైనట్టు — "రండి... ఎవరైనా... ఒక్కసారి రండి..."

"అప్పుడు మాత్రం నాకూ ఒళ్ళు జలదరించిందిరా" అని ఇప్పటికీ ఒప్పుకుంటుంది అత్త.

"పిలుస్తోందే... పలక్కు!" అని మావయ్య ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"పిలిస్తే పలక్కపోవడం ఏం మర్యాదండీ?" అని ఆవిడ లేచి, టార్చి పుచ్చుకుని, పక్కసందులోకి నడిచింది. చీకట్లో ఒక్కడూ మిగలడం ఇంకా భయం కనక మావయ్య కూడా నడిచాడు.

గోడకి అవతల ఉన్నది మామూలు ఇల్లే. పాత యజమాని ఒకప్పుడు ఉన్న ఇల్లు, ఈమధ్యే కొత్తవాళ్ళు అద్దెకి దిగారు. తడి చేతులతో ఒకావిడ తలుపు తీసింది.

"అమ్మా, హాలు గోడవైపు గదిలో ఎవరుంటారు?"

"మా మామగారండీ. గొంతు ఆపరేషనయింది, గట్టిగా మాట్లాడలేరు." ఆవిడ మొహం చిన్నబోయింది. "ఈ ఇంటికొచ్చాక నాతో అసలు మాట్లాడటమే మానేశారు. ఏం తప్పుచేశానో తెలీదు."

గదిలో పెద్దాయన దుప్పటి గడ్డందాకా లాక్కుని పడుకున్నాడు. వేలు మంచం పక్కనున్న పాత బటన్ మీద ఉంది. పాత యజమాని తల్లి ఆ గదిలోనే ఉండేదట. హాలు గోలలో కొడుక్కి వినబడేలా, అన్నానికి పిలవడానికి అతనే ఇంటి కరెంటు మీంచి ఆ తీగ లాగించుకున్నాడని తరవాత హాలాయన వాకబు చేసి చెప్పాడు.

"మామయ్యగారూ, ఈ బటన్ ఎందుకు నొక్కుతున్నారు?"

"నిన్ను పిలవడానికేనమ్మా" అన్నాడాయన గుసగుసగా. "వంటింట్లో మోగుతుందని అబ్బాయి చెప్పాడుగా. రోజూ పిలుస్తున్నాను, నువ్వు రావు. రాని మనిషితో మాటలెందుకని ఊరుకున్నాను."

"అయ్యో రామా! మన వంటింట్లో బెల్లే లేదండీ!"

మామా కోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ నవ్వబోయి ఏడ్చి, ఏడవబోయి నవ్వింది. మర్నాడు పాతసామాన్లవాడు వట్టిచేతుల్తో వెళ్ళాడు. అత్త ఆ తీగ తెంపి, వాళ్ళ వంటింట్లో కొత్త బెల్లు బిగించింది.

అసలు మాట చెప్పడం మరిచాను. ఆ రాత్రే కోడలు కళ్ళు తుడుచుకుంటూ అడిగిందట — "మరి చీకటిపడితే అన్నిసార్లెందుకు నొక్కేవారు? మంచినీళ్ళకా?"

పెద్దాయన అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఈ గోడలో దెయ్యం ఉందమ్మా... నేను నొక్కినప్పుడల్లా టింగుమంటోంది. భయమేసి నిన్ను పిలుద్దామని మళ్ళీ నొక్కుతాను... మళ్ళీ అంటుంది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, గుమ్మంలో నిలబడ్డ మావయ్య ఒక్కడే నవ్వలేదు. గబగబా వెళ్ళి మంచం మీద పెద్దాయన పక్కన కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, ఆయన చెవిలో అన్నాడట —

"నాకూ అదే అనుమానమండీ."