గంగమ్మ వెంట్రుక

లాఠీతో నిజం పుట్టిస్తామనే పెద్దమనుషులారా! మొగిలి ఎడమచెయ్యి విరగ్గొట్టింది మీరు. విరిగిన చేతి బొటనవేలే సిరాలో ముంచి నిశాని వేయించుకున్నది మీరు. ఊరు భయపడి నోరు మూసుకుంటే, అదే సాక్ష్యమని రాసుకున్నదీ మీరే. కాదంటారా? ముందు ఇది చదవండి. అప్పుడు కాదనండి.

1959. కార్తీక మాసం. సోమవారం పొద్దున.

ఎర్రగుంట రేవు దగ్గర గోదావరి నడుమ ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని అంచున, మోకాటి లోతు నీళ్ళలో, లచ్చయ్య బోర్లా పడి ఉన్నాడు. బెస్తవాడు. విసురు వల ఇంకా భుజం మీదే ఉంది. కుడి కణత మీద గుండ్రటి గుంట. కోడిగుడ్డు మొన దిగబడ్డట్టు.

తడి ఇసుక మీద అడుగులు లచ్చయ్యవే. ఇంకెవరివీ లేవు.

ఒడ్డున బట్టలు ఉతుకుతున్న సమ్మవ్వ కళ్ళారా చూసింది. "నిలవడ్డోడు నిలవడ్డట్టే కూలిండు. పక్కన పురుగు లేదు!"

ఆ మాట ఊరంతా పాకింది. మొగం లేని చెయ్యి. ఎక్కణ్ణుంచో వచ్చే దెబ్బ. ఆ రోజు నుంచి ఒక్క బెస్తవాడు నదిలో కాలు పెట్టలేదు. వలలు దండేల మీద ఎండిపోయాయి. పొద్దు గూకకముందే తలుపులు పడ్డాయి.

పోలీసులకు మాత్రం చెయ్యి దొరికింది. అవతలి ఒడ్డున జొన్నచేనుకు కావలి ఉండే మొగిలి. మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలుతాడు. పోయిన వారమే కల్లు దగ్గర లచ్చయ్యతో గొడవపడి "నీ నెత్తి పలగ్గొడ్త" అన్నాడు. ఇంకేం కావాలి? రెండు రాత్రుల్లో ఒప్పుకున్నాడు.

గురువారం కరీంనగర్ నుంచి ఎస్.ఐ. దేవదాస్ వచ్చాడు. ఫైలు సర్ది రేపు మొగిలిని మేజిస్ట్రేటు ముందు పెట్టడమే అతని డ్యూటీ. పై అధికారి సర్కిల్ సాబ్ ముందే చెప్పి పంపాడు. "ఒప్పుకున్న కేసు. తిరగదోడకు. జైనూరు అడవిల ఠాణా ఖాళీగున్నది, యాదుంచుకో."

దేవదాస్‌కు ఇద్దరు చిన్నపిల్లలు. జైనూరు పేరు వింటేనే చలిజ్వరం గుర్తొస్తుంది. సంతకం పెట్టి పోదామనే వచ్చాడు.

లాకప్ తలుపు తీయగానే మొగిలి గోడకు అతుక్కుపోయాడు.

"ఒప్పుకున్న కద సారూ! ఇంక కొట్టకుండ్రి!"

"నేను కొట్టనీకి రాలే. రాయి నువ్వే విసిరినవా?"

"మీరేదంటే గదే సారూ."

"నేనేమంటలే. నువ్వు చెప్పు."

మొగిలి తలెత్తాడు. "మంచె మీంచి దిబ్బ దాంక రాయి వోతదా సారూ? గంత వోతే, నేను పిట్టలనెందుకు తోల్త? మంత్రులను తోల్త."

దేవదాస్‌కు నవ్వు రాలేదు.

మొగిలిని మంచె ఎక్కించాడు. కుడిచెయ్యి బాగానే ఉంది. వడిసెలతో విసరమన్నాడు. ఒకటి, రెండు, పది. ప్రతి రాయీ దిబ్బకు చాలా ఇవతల, నడి మడుగులో బుడుంగుమంది. గట్టి మనిషిని ఇంకొకణ్ణి ఎక్కించాడు. అంతే.

మరి ఎవరు?

రేవులో సమ్మవ్వను అడిగాడు. "ఆ పొద్దు నది కాడ ఇంకెవరున్నరు?"

"ఎవ్వల్లేరు."

"ఒక్కలు గూడ?"

"దొర ఉన్నడు, గాలం ఏసుకుంట. మనుషులనడిగితివి గని దొరలనడుగుతివా?"

దొర అంటే మురళీధరరావు. నదిలో చేపల గుత్త ఆయనదే. బొంబాయి నుంచి తెప్పించిన వెదురు గాలం ఉంది. దానికి గిర్రున తిరిగే రీలు, నైలాన్ దారం. చివర సీసపు గుండు. మనవాళ్ళు గాలం చేత్తో విసిరితే ముప్పై గజాలు. ఆయనది తొంభై. చూపించుకోవడం ఆయనకు సరదా.

దేవదాస్ అడగ్గానే రావు నవ్వాడు. "నా మీద అనుమానమా? కొలుస్కో."

బల్ల మీది డబ్బా మూత తీశాడు. ఆరు గూళ్ళు. అయిదు గుండ్లు.

"ఆరోది?"

"ఎన్నడో నీళ్ళల్ల వోయింది."

ఒక గుండు కట్టి, రేవుకు నడిచి, తాను ఎప్పుడూ నిలబడే రాతి మీద నిలబడి, నడుం తిప్పి విసిరాడు. రీలు రొద పెట్టింది. గుండు దిబ్బకు చాలా ఇవతల పడింది. కానిస్టేబుల్ తెప్ప మీద పోయి తాడుతో కొలిచాడు. తొంభై రెండు గజాలు. లచ్చయ్య పడ్డ చోటు నూట ముప్పై.

"సాలునా ఎస్.ఐ. గారూ? సర్కిల్ సాబ్‌కు నా సలాం చెప్పుండ్రి."

దేవదాస్ చెమట తుడుచుకున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. దొర కాదు. ఇక సంతకం పెట్టొచ్చు. కానీ మొగిలి రాళ్ళు మడుగులో పడ్డ చప్పుడు చెవిలోంచి పోలేదు.

లచ్చయ్య ఇంటికి పోయాడు. భార్య యాదవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. మనిషి పోయిన ఇల్లు. మైల. పదకొండో రోజు దాటేదాకా ఆ ఇంట్లో దేవుడికి దీపం పెట్టరు.

కానీ లోపల కర్పూరం వాసన.

మూలన బోర్లించిన గంప. దాని అంచున తడి ఆరని పసుపు.

"అక్కా, మైల ఇంట్ల పూజ ఎవరికి?"

యాదవ్వ లేచి గంపకు అడ్డం నిలబడింది. "ముట్టకు సారూ! నీ కాల్మొక్త! ఆయనను తీస్కపోయింది. ఇగ నిన్ను గూడ తీస్కపోతది!"

"ఎవరు?"

"గంగమ్మ. వల మడతల దొరికింది. ఒళ్ళంత నల్లగ. తలెంటిక ఒక్కటే, అద్దమోలె తెల్లగ. ఇడుస్తె ఊరంత పోతదని పసుపు వెడుతున్న. ఎవ్వలకు చెప్పలే."

దేవదాస్ పద్మశాలి ఇంట పుట్టినా అతనికీ గంగమ్మంటే భయమే. మనసులో దండం పెట్టుకుని గంప ఎత్తాడు.

పసుపు, కుంకుమ. నడుమ కోడిగుడ్డంత సీసపు గుండు. దాని కొక్కేనికి మూరెడు నైలాన్ దారం. కొస కత్తితో కోసినట్టు లేదు. సాగి, ముడుచుకుని, తెగింది.

మొగుణ్ణి చంపిన దానికే యాదవ్వ నాలుగు రోజులుగా మొక్కుతోంది.

మధ్యాహ్నం రేవులో అందరినీ, బేడీలతో ఉన్న మొగిలిని కూడా, కూర్చోబెట్టాడు. కబురందుకుని సర్కిల్ సాబ్ జీపులో వచ్చాడు. కళ్ళు నిప్పులు.

"ఏం తమాషా ఇది?"

"అయిదు నిమిషాలు సార్."

దేవదాస్ గాలం అందుకున్నాడు. డబ్బాలోంచి ఇంకో గుండు తీశాడు. దాన్ని నైలాన్‌కు నేరుగా కట్టలేదు. నడుమ జానెడు నూలు పోగు వేశాడు.

"దొరా, ఇంకొక్కసారి. పొద్దటంత బలంతోనే. దిబ్బ మీద ఎవరూ లేరు."

"దాంతోని ఏమైతది? తొంభైకి మించదు."

"మించకుంటే మీకే మంచిది."

ఊరంతా చూస్తోంది. గర్వం ఊరుకుంటుందా? రావు నడుం తిప్పి బలంగా విసిరాడు.

టప్.

పోగు తెగింది. రీలు తిరగలేదు. గుండు తూటాలా లేచింది. జనం చటుక్కున తలలు వంచారు. గుండు దిబ్బ దాటి, లచ్చయ్య పడ్డ చోటు దాటి, అవతల నీళ్ళను చీల్చింది.

దేవదాస్ జనం వైపు తిరిగాడు.

"దారం ఉన్నంతసేపు గుండు దారాన్ని లాగాలె. అందుకే తొంభై. తెగితే దాన్ని ఆపేటిది లేదు. కొల్సుకొమ్మన్నరు. కట్టిన గాలాన్ని కొల్సినం. తెగిన గాలాన్ని ఎవ్వలు కొల్వలే."

పసుపు గుండును డబ్బాలో ఆరో గూట్లో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

రావు గాలం కింద పడేశాడు. "కావాల్నని కొట్టలే! దారం తెగింది! సర్కిల్ సాబ్ ఎన్కనే చెట్టు సాటుకు కూసుండె. గా చేను కాడోని మీదికి తోస్తే అయిపోతదని ఆయననే అన్నడు!"

జనం ఒక్కసారి జీపు వైపు తిరిగారు.

సర్కిల్ సాబ్ దేవదాస్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "పిల్లలున్నోనివి. సోంచాయించు."

దేవదాస్‌కు భయం పోలేదు. భయంతోనే గొంతు పెంచాడు.

"దారం పొరపాటున తెగింది సార్. మొగిలి చెయ్యి పొరపాటున విరగలే. మనిషి కూలంగ మీరిద్దరు చూసిండ్రు. ఒక్కలు గూడ నీళ్ళల్ల దిగలే. ఆ బేడీలు తియ్యిండ్రి. ఇప్పుడే, గీ జనం ముంగట. ఎఫ్.ఐ.ఆర్. మళ్ళ రాయాలె. అండ్ల దొర పేరు ఉండాలె, మీ పేరు ఉండాలె. గది రాసేదాంక జీపు కదలదు."

డ్రైవర్ ఇంజను స్టార్టు చేశాడు. యాదవ్వ వచ్చి జీపు ముందర నేల మీద కూర్చుంది. పక్కన సమ్మవ్వ. వెనక బెస్తవాళ్ళు, ఒక్కొక్కరే.

"తాళంచెవి తియ్యి సారూ," అంది యాదవ్వ సర్కిల్ సాబ్‌తో. "మొగిలి చేతులు సూడాలె మేము."