వంకర పోత బిగించిన రాత్రి

ఆ షెడ్డు వెనక గదిలోని ఇనుము చెక్కే లేతు మంచిది కాదని వీధంతా అనేది. పగలు ఫరవాలేదు. చీకటి పడ్డాక దాని మీద చెయ్యేసినవాడు బాగుపడలేదట... ఒకడికి వేళ్లు పోయాయి. ఇంకొకడు చెప్పాపెట్టకుండా పని మానేశాడు. అందరికన్నా ముందు పోయింది దాని యజమాని — ముక్కని పట్టి తిప్పే చక్కులోంచి ఊడొచ్చిన ఇనుము నుదుటికి తగిలి, నించున్నవాడు నించున్నట్టే కూలిపోయాడు.

ఇప్పుడా లేతు నడిపేది ఆయన కోడలు. "దెయ్యాలకే నేనంటే భయం, కావాలంటే మా ఆయన్నడగండి," అనేది. నోరు అలాంటిది.

ఆ రాత్రి వీధి నీళ్ల పంపు బెండు, అదే వంపు గొట్టం, పగిలింది. అచ్చులో పోసిన కొత్త పోత తెచ్చారు గానీ దాని మూతి చెక్కాలి. తెల్లారేలోగా అవకపోతే వీధిలో ఎవరికీ చుక్క నీళ్లుండవు.

"పొద్దున చేద్దువుగానీ అమ్మాయ్," షెడ్డు గుమ్మంలో నించుని గొంతు తగ్గించి అంది అత్త. "ఒకణ్ణి మింగింది చాలదా?"

"మీరెళ్లి పడుకోండి అత్తయ్యా. నన్ను మింగితే దానికే అరగదు."

అత్త కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

పోత ఏనుగు తొండంలా వంకరగా ఉంది. చక్కు నాలుగు దవడల్నీ తలా ఒక ఎత్తులో పెట్టి బిగించింది. చేత్తో తిప్పుతూ మూతిని మధ్యకు తెచ్చింది. తొండం ఒకవైపే బరువు... ఎదురు బరువు కట్టాలి. నెమ్మదిగా తిప్పితే చాల్లే అనుకుంది. కోసే పనిముట్టుని దగ్గరికి జరిపింది. జరిపాక మళ్లీ ఒక చుట్టు తిప్పి చూడాలి. చూడలేదు.

స్విచ్చి నొక్కింది.

చడీచప్పుడూ లేదు. మళ్లీ నొక్కింది. ఊహూ... నెత్తిమీద బల్బు మాత్రం వెలుగుతోంది.

ఎక్కడైనా ఇరుక్కుందేమోనని చక్కుని చేత్తో తోసింది. సగం తిరిగిందో లేదో — తొండం తనంతట తానే కిందికి జారి, పనిముట్టుకి ఠంగున కొట్టుకుంది. ఒక దవడ వదిలేసింది. పోత పక్కకి ఒరిగింది.

మోటారు తిరిగుంటే...

ఆవిడ నించున్నది మామ నించున్న చోటే.

తర్వాత అంతా విప్పింది. దవడల్ని పోత మందంగా ఉన్నచోట పట్టించింది. ఎదురుగా ఇనప దిమ్మ బిగించింది. పనిముట్టుని వెనక్కి జరిపి, చేత్తో తిప్పింది. ఎక్కడ వదిలితే అక్కడే ఆగింది. అప్పుడు స్విచ్చి నొక్కింది.

లేతు మెత్తగా తిరిగింది.

పని ముగించి, అత్తకి చూపించి ఏడిపిద్దామని బెండుని చంకనెత్తుకుని ఇంటికొచ్చింది. అత్త చీకట్లో మంచం మీద కూర్చునే ఉంది.

"తిట్టుకుంటే తిట్టుకో," గుసగుసగా అంది. "చెప్తే వినే రకానివి కాదు. అందుకే వచ్చేటప్పుడు..."

ఒళ్లో కొంగు విప్పింది. లేతు ఫ్యూజులు — మూడూ.

"ఇవి లేందే అది ఎలా తిరుగుతుందో చూస్తాను."

కోడలి చంకలో బెండు ఇంకా వేడిగానే ఉంది.