గేటుకు కట్టిన ఉయ్యాలలు

“యూనియనోడంట! తలలో దూదిపోగు ఒకటీ లేదు. ఎవరు పంపినారప్పా నిన్ను?”

ఆదోని పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర సుంకులమ్మ నాతో అన్న మొదటి మాట అది. ఆమె జడ నిండా దూదే. చట్టం చెబుదామని వచ్చినవాణ్ణి, ఆ జడ చూసి చట్టం మరిచిపోయాను.

గేటు బయట ఎండలో, గోనెపట్టా మీద ఆమె అక్క తిమ్మమ్మ బిడ్డ ఏడుస్తోంది. తల్లి లోపల మిషను దగ్గర.

“ఇంతమంది ఆడవాళ్లున్న మిల్లులో పిల్లలకొక గది ఉండాలి. చట్టంలోనే ఉంది. కలిసి అడగండి.”

“అడిగినోళ్ల పేర్లు మేనేజరుకు సెప్పేదానికా? పని పోయేది మా అక్కకు, నీకు కాదు.”

“నేనెందుకు చెబుతాను?”

“నిన్న ఆయప్ప బంగళాకు సంకలో మూటతో పోయినావు. సూడలేదనుకుంటివా?”

“అది మా నాయన నేసిన చీర. మేనేజరు భార్యకు ఇచ్చొచ్చినాను. మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు.”

“బి.ఏ. సదివి సీరలు మోస్తావా? అబద్ధమన్నా కుదురుగా సెప్పు.”

కొన్నాళ్లకు ఆమే పిలిచి గొంతు తగ్గించింది.

“సోమవారం ఎవరూ పనిలోకి పోము. యాడా అనొద్దు.”

ఆ గుసగుసకే నేను ఎమ్మిగనూరు దాకా తేలిపోయాను.

సోమవారం పొద్దున్నే ఇంటినుంచి తెచ్చిన దుప్పట్లతో గేటు పైకమ్మికి ఉయ్యాలలు కట్టాను. మిల్లు కూత వేసింది. ఆడవాళ్లు మామూలుగా పనికొచ్చి, నోరు తెరుచుకుని నిలబడ్డారు.

“ఏమ్మా, పని ఆపుతామంటివే?” అన్నాను సుంకులమ్మతో.

సుంకులమ్మ రోడ్డు అటూ ఇటూ చూసింది. పోలీసులు లేరు. మేనేజరు ఏమీ తెలియక ఆవలిస్తూ వస్తున్నాడు.

“ఆ మాట నీకొక్కనికే సెప్పినా,” అంది మెల్లగా. “ఆయప్పకు మోస్తావేమో సూద్దామని.”

“అయితే సమ్మె?”

“లేదప్పా!”

తిమ్మమ్మ బిడ్డను ఉయ్యాలలో వేసి, గేటుకు అడ్డంగా కూర్చుంది.

“లేదని ఎవరన్నారే? ఉంది.”

ఆమె పక్కన ఇంకొకామె, తర్వాత అందరూ. మధ్యాహ్నానికి మేనేజరు దిగొచ్చాడు; పత్తిగింజల కొట్టం పిల్లల కోసం ఖాళీ అయి, ఉయ్యాలలు లోపలికి వెళ్లాయి.

అయినా సుంకులమ్మ నమ్మలేదు. బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చి మా అమ్మనే అడిగింది.

“నీ కొడుకు నిజంగా సీరలు మోస్తాడా?”

“మోస్తాడమ్మా,” అని అమ్మ ఎర్రంచు చీర ఒకటి ఆమె ఒళ్లో పెట్టింది. “ఇది కట్టుకుని మా ఇంటికే రా.”

పెళ్లయి నెలయింది. నిన్న సాయంత్రం సుంకులమ్మ నా తలలోంచి దూదిపోగు తీసి, వెలుతురులో పట్టి చూసింది.

“ఇది యాడిది?”

“నీ జడదే.”

“సాక్ష్యం?”

దగ్గరికి జరిగి, సాక్ష్యం చూపించాను.