నూట అరవై బావులు, ఎనిమిది నోటుపుస్తకాలు

"మొత్తం ఎనిమిది నోటుపుస్తకాలు అయ్యాయండీ," అన్నాడతను గర్వంగా. "ఒక్క ముక్క కూడా వృథా పోలేదు."

ఆమె గోడకి చేరగిలబడింది.

"అవి నా సర్వే కాగితాలు."

"ఒకవైపు ఖాళీగా ఉన్నాయి కదండీ!"

"రెండోవైపు నా ప్రాజెక్టు ఉంది కదండీ!"

జిరాక్సు మెషీన్ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. కాలేజీలో అతణ్ణి అందరూ చిత్తుకాగితం అంటారు. పర్యావరణ సంఘానికి ప్రెసిడెంటు. ప్రతి డిపార్ట్‌మెంటులోనూ ఓ అట్టపెట్టె పెట్టాడు. అందులో పడిన ఒకవైపు వాడిన కాగితాలని సగానికి కోసి, పుస్తకాలుగా కుట్టి, ఫస్టియర్ పిల్లలకి పంచుతాడు. జేబులో సొంత గ్లాసు, భుజాన పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచి. కుళాయి సరిగ్గా కట్టకుండా వెళ్ళినవాళ్ళని వెంటపడి మరీ వెనక్కి పిలుచుకొస్తాడు. అతని వల్ల భూమికి ఎంత మేలు జరిగిందో తెలియదు గానీ, చుట్టూ ఉన్న మనుషులకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది.

ఆమెకీ ఓ పేరుంది. బొక్కెన. ఎండలు ముదిరిన రెండు నెలలూ, అడుగుకో ముడి వేసిన తాడూ బొక్కెనా పట్టుకుని పాతపేటలో ఇంటింటికీ తిరిగింది. బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచింది. నూట అరవై బావులు, నూట అరవై కాగితాలు. పెన్సిలుతో రాసినవి. నకలు లేదు. నకలు తీయించడానికే మొన్న శుక్రవారం ఇక్కడికి వచ్చింది. కరెంటు పోయింది. "ఇక్కడే ఉంచమ్మా, తాళం వేసుకుంటాగా, సోమవారం తీసిస్తా," అన్నాడు జిరాక్సు ఆయన. బల్ల మీద చోటు లేక కాగితాల కట్టని పక్కనే ఉన్న సంఘం అట్టపెట్టె మీద పెట్టి వెళ్ళింది. ఆయన తాళం వేసేలోగా చిత్తుకాగితం వచ్చి పెట్టెతో సహా పట్టుకుపోయాడు.

"కోసేముందు ఒక్కసారి చూడవా?"

"ఇంకొకళ్ళ కాగితాలు చదవడం మర్యాద కాదండీ. నాకదో నియమం."

"నీకెన్ని నియమాలున్నాయి?"

అతను నిజంగానే వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఈ శుక్రవారంలోగా ప్రాజెక్టు ఇవ్వాలి. లేకపోతే డిగ్రీ చేతికి రాదు. ఆ తర్వాత చేసుకుందామంటే, ఆదివారం ఇంటి సామానంతా వ్యాన్ ఎక్కుతుంది. వాళ్ళ నాన్నది బదిలీల ఉద్యోగం. ఇప్పటికి ఆమె ఆరు ఊళ్ళు వదిలింది. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి, వ్యాన్ వెనక అద్దంలో చిన్నగా, ఇంకా చిన్నగా అయి మాయమయ్యారు. అందుకే ఈ ఊళ్ళో ఎవరితోనూ స్నేహం పెంచుకోలేదు. బావులతో సరిపెట్టుకుంది. ఇప్పుడవీ పోయేలా ఉన్నాయి.

"పుస్తకాలు ఎవరెవరికి ఇచ్చావు?"

"లిస్టు రాసుకున్నానండీ."

"హమ్మయ్య. ఎక్కడుంది?"

అతను సంచి వెతికాడు. లిస్టు ఒక బస్సు టికెట్ వెనక ఉంది.

*

"ఇవ్వనక్కా," అంది మొదటి అమ్మాయి, పుస్తకాన్ని గుండెకి హత్తుకుని. "ఇందులో పర్సనల్ ఉంది."

"నీ పర్సనల్ వెనకాల నా బావి ఉందమ్మా."

"అన్న చదివేస్తాడేమో!"

"చదవను," అన్నాడు చిత్తుకాగితం. "నాకదో..."

"నియమం," అంది ఆమె పళ్ళు నూరుతూ. "తెలుసులే."

చివరికి ఆ పిల్ల తన ఉత్తరాన్ని వేరే కాగితం మీదకి ఎత్తి రాసుకుని ఇస్తానంది. వరండాలో అరగంట కూర్చున్నారు. మధ్యమధ్యలో ఆ పిల్ల తలెత్తి అడిగేది. "అక్కా, 'నువ్వు రాని రోజు క్లాసులో ఫ్యాను కూడా తిరగదు' అని రాస్తే బావుంటుందా?"

"చాలా బావుంది. తొందరగా రాయి తల్లీ."

రెండో పుస్తకం ఒక కుర్రాడి మంచం కోడు కింద ఉంది. మంచం ఊగుతోందట. మూడోదాని నిండా క్రికెట్ స్కోర్లు. నాలుగోదాని మీద ఎవరో కాఫీ ఒలకబోశారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆమె నోరు తెరవకముందే అతను మొదలుపెట్టేవాడు. "తప్పు నాది. చూడకుండా కోసేశాను. ఆ పుస్తకం వెనక్కి ఇచ్చేయాలి." జూనియర్లు పకపకా నవ్వినా, "ప్రెసిడెంటు గారే చెత్త చేశారా అన్నా!" అని ఎగతాళి చేసినా, మాట మార్చలేదు. కరెంటు మీదకో జిరాక్సు ఆయన మీదకో నెడతాడని ఆమె కాచుకుని ఉంది. అలా నెడితే తిట్టడానికి ఇంకాస్త సుఖంగా ఉండేది.

బుధవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. సైకిల్ స్టాండు రేకుల కింద ఇద్దరూ ఇరుక్కుపోయారు. ఆమె ఎటు జరిగితే అటే కారుతోంది.

"మీరు మా సంఘంలో ఎందుకు చేరలేదండీ?" అని అడిగాడతను.

"ముందు ఆ 'అండీ' మానెయ్. ఏడవాలో నవ్వాలో తెలీకుండా ఉంది."

"సరే. నువ్వు పర్యావరణవాదివి కావా మరి?"

"నాకు బ్యాడ్జీలు గిట్టవు. నేను బావులు కొలుస్తాను, అంతే. బావులు ఎండిపోతున్నాయని ఊరంతా అంటుంది. ఎంత ఎండిపోయాయో ఒక్కరికీ తెలీదు. నువ్వు భూమిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతావు, చేతిలో ఉన్న కాగితం మాత్రం చూడవు."

అతను జేబులోని గ్లాసు తీసి అటూ ఇటూ తిప్పసాగాడు. వాగుడుకాయ ఊరుకుంటే అదో చిరాకు.

"ఏమిటా మౌనం?"

"నువ్వన్నది నిజమేనేమోనని చూస్తున్నా."

"చూసి?"

"నిజమే."

ఇలాంటివాడితో పోట్లాడేదెలా? ఆమె వాన వైపు తిరిగి నిలబడింది. నీళ్ళు తన మీద పడకుండా అతనే రేకు చిల్లు కింద నిలబడ్డాడని, అతని చొక్కా ఎడమ భుజం ముద్దయిపోయిందని, కాసేపటికి గాని గమనించలేదు.

"ఇటు జరుగు, జలుబు చేస్తుంది. రేపు తుమ్ములతో చంపుతావు నన్ను," అంది.

*

గురువారం ఖాళీ ల్యాబులో ముక్కలు పరిచారు. ఏడు పుస్తకాల కుట్లు విప్పారు. ఇంటి నంబరూ మనిషి పేరూ ఉన్నవి పైముక్కలు. నీటి లోతు ఉన్నవి కిందిముక్కలు. కిందివాటి మీద నంబరు లేదు. ఏ ముక్క దేనిదో తెలిసేదెలా?

కోత సరిగ్గా "ఇంటివాళ్ళు చెప్పిన మాట" అనే వరుస మీద పడింది. అక్షరాలు అడ్డంగా తెగాయి. తలకట్లు ఒక ముక్కలో, ఒత్తులు ఇంకో ముక్కలో. రెండూ పక్కపక్కన చేర్చి, వరుస కలిసిందా లేదా అని చూడాలి.

"నేను చదవొచ్చా?" అన్నాడతను సందేహంగా.

"చదవమనే కదయ్యా కూర్చోబెట్టింది!"

అతను చదవసాగాడు. మొదట్లో గబగబా. తర్వాత నెమ్మదిగా. "'కుళాయి వచ్చాక దీని మొహం చూసినవాళ్ళు లేరు.' ఇది కలిసింది. 'మా ఆయన తవ్వించాడు. ఆయనా లేడు, నీళ్ళూ లేవు.'" ఆ ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమైంది?"

"దీన్ని కూడా నేనే కోశాను."

ఆమె తిట్టబోయింది. ఎందుకో తిట్టు నోటిదాకా రాలేదు. "అతుకు," అని మాత్రం అంది.

సాయంత్రానికి నూట ఇరవై అతికాయి. ఎనిమిదో పుస్తకం దొరకలేదు. దాని నిండా కిందిముక్కలే. దాన్ని తీసుకున్న అమ్మాయి సోమవారం పొద్దున్నే టీసీ తీసుకుని ఊరు మారిపోయింది. ఆఫీసులో ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. నలభై బావుల లోతు ఆ పిల్ల పెట్టెలో ఎక్కడికో ప్రయాణమై పోయింది.

"రేపు పొద్దున్నే మళ్ళీ కొలుద్దాం," అన్నాడతను.

"రెండు రోజులుగా కుండపోత! ఇప్పుడు కొలిస్తే వచ్చేది వాన లెక్క. నాది ఎండాకాలం లెక్క. ఆ మట్టం ఇంక లేదు, నీళ్ళు పైకి వచ్చేశాయి." ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది. "ఒక పని చేస్తా. పక్కింటి బావి ఎంతుందో చూసి, ఓ అడుగు అటో ఇటో వేసేస్తా. నలభై అంకెలు. గంట పని. ఎవరికి తెలుస్తుంది?"

"వద్దు."

"అదీ నీ నియమమేనా?"

"కాదు, నీది. ఎంత ఎండిపోయాయో ఒక్కరికీ తెలీదన్నావు. నువ్వు కూడా ఊహించి రాసేస్తే, ఇంక తెలిసినవాళ్ళు ఎవరుంటారు?"

"కోసేదీ నువ్వే, నీతులు చెప్పేదీ నువ్వే!" ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నా డిగ్రీ పోతుందిరా బాబూ! ఆదివారం మేం వెళ్ళిపోతున్నాం!"

ఆ చివరి మాట అతనికి కొత్త. "వెళ్ళిపోతున్నారా?" అన్నాడు. మొహంలో రంగు మారింది. కానీ "సరే, రాసెయ్" అనలేదు. కాగితం తీసుకుని, ఆమె ప్రాజెక్టు చూసే మేడంకి ఉత్తరం రాశాడు. నలభై బావుల లెక్క తన నిర్లక్ష్యం వల్ల పోయిందని, విద్యార్థిని తప్పు లేదని. కింద సంతకం.

ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. "సంఘం పేరు రాయలేదేం?"

"సంఘం కోయలేదు. నేను కోశాను."

*

మేడం ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నా పాత క్వశ్చన్ పేపర్లు పుస్తకాలుగా కుట్టి ఫస్టియర్ వాళ్ళకి పంచింది కూడా నువ్వేనా?"

"అవునండీ మేడం."

"పరీక్షలో అందరికీ నూటికి తొంభై ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసింది." మేడం గట్టిగా నిట్టూర్చింది. ఆమె వైపు తిరిగింది. "నూట అరవై అని మొదట ఒప్పుకున్నావు, నూట ఇరవైకి నేను సంతకం పెట్టలేను. ఒక దారి ఉంది. ఈ నూట ఇరవైనీ వాన తర్వాత మళ్ళీ కొలువు. ఎండలో ఎంత, వానకి ఎంత అని రెండూ పక్కపక్కన పెట్టు. నలభై పోయాయని మొదటి పేజీలోనే రాయి. నెల గడువిస్తాను. ఇంతకంటే అడగొద్దు."

"మరి ఇతను, మేడం?"

"తాడు లాగుతాడు. నూట ఇరవై సార్లు."

బయటికి రాగానే అతను మొహం దాచుకుంటూ అటు తిరిగాడు.

"నవ్వుతున్నావా?"

"లేదు."

"ఇటు తిరుగు. నవ్వుతున్నావు! నాకు నెల రోజులు పని పెరిగితే నీకు నవ్వెలా వస్తోంది?"

"నెల రోజులు ఇక్కడే ఉంటావు కదా," అన్నాడు. అంటూనే నాలుక కరుచుకున్నాడు. ఆమె విసవిసా ముందుకు నడిచింది, మొహం కనబడకుండా.

*

ఆదివారం సామానంతా వ్యాన్ ఎక్కింది. ఆమె సూట్‌కేసు ఒక్కటే గుమ్మంలో మిగిలింది. లేడీస్ హాస్టల్లో నెలకి మంచం దొరికింది. అమ్మ మూడు రోజులుగా అంటున్న మాటే మళ్ళీ అంది. "ఒక్కదానివీ ఎలా ఉంటావే?"

అంతలో గేటు దగ్గర చిత్తుకాగితం కనిపించాడు. సూట్‌కేసు మోయడానికి వచ్చాడట.

"నువ్వేనా బాబూ, మా అమ్మాయి కాగితాలు కోసింది?"

"నేనేనండీ."

"చూడకుండా?"

"చూడకుండానేనండీ."

అమ్మ అతణ్ణి కొంగు సర్దుకుంటూ తీరిగ్గా చూసింది. "అబద్ధం ఆడటం కూడా చేతకాదన్నమాట. పోనీలే. పని మొదలుపెడితే దీనికి తిండి గుర్తుండదు. వేళకి తిన్నదో లేదో అడుగుతూ ఉండు."

"అమ్మా!"

"నువ్వూరుకో. నీ మాట నమ్మి ఎప్పుడు బాగుపడ్డాను?"

నాన్న హారన్ కొట్టించాడు. అమ్మ ఆమె తల నిమిరి ఎక్కేసింది. వ్యాన్ కదిలింది. సందు చివర్న చిన్నదై, ఇంకా చిన్నదై, మలుపు తిరిగింది.

ఇన్నేళ్ళూ ఆమె వ్యాన్‌లో కూర్చున్న మనిషే. వెళ్ళేవాళ్ళకి కనీసం సామాను సర్దుకునే పని ఉంటుంది. ఉండిపోయేవాళ్ళకి చెయ్యి ఊపడం తప్ప ఇంకేమీ ఉండదని ఆమెకి ఈ రోజే తెలిసింది. ఆరు ఊళ్ళ గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు. ఆమె భోరుమంది.

అతను సూట్‌కేసు ఒకసారి ఎత్తాడు, మళ్ళీ దించాడు. "నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"ఇంకేం కోశావు?"

"ఏమీ కోయలేదు. నువ్వంటే నాకిష్టం."

ఆమె ఏడుపు టక్కున ఆగింది. "ఇప్పుడా చెప్పేది? ముక్కు చీదుకుంటుంటేనా?"

"మరెప్పుడు? ఉన్నదే నెల రోజులు."

"నెలయ్యాక నేనూ వెళ్ళిపోతాను. అది తెలిసే చెప్తున్నావా?"

"తెలిసే. వెళ్ళు. నేను వస్తాను, ప్రతి నెలా. నువ్వు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి."

"రాకపోతే?"

"వస్తానన్నానుగా!"

"అందరూ అలాగే అంటారు. మొదటి నెల ఉత్తరం, రెండో నెల ఫోను, మూడో నెల..."

"మూడో నెల నేనొస్తాను. నాలుగో నెలా వస్తాను. నువ్వు విసుక్కునేదాకా వస్తాను."

"విసుగు ఇప్పుడే వచ్చేసింది," అంది ఆమె. చున్నీతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. అతను జవాబు కోసం బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అలా నిలబడితే ఇంక ఏం చెయ్యాలి మనిషి?

"నాకూ ఇష్టమే. ఖర్మ!" అంది.

అతను నోరు తెరిచాడు.

"ఇంక ఒక్క మాట మాట్లాడకు. పద."